విడుదల కాని సినిమా హీరోయిన్

విదేశంలో ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలోని ఆ ఇంట్లో కళావతి పొద్దున్నే కాఫీ కలిపేసరికి, పాత సినిమా ఫోటో కార్డులోంచి ఒక అమ్మాయి దిగి వంటింట్లోకి వచ్చేది. తలమీద కౌబాయ్ టోపీ, నడుముకి తోలు బెల్టు. చేతిలోని పిస్తోలు బల్లమీద పెట్టి, నొప్పెడుతున్న మోచెయ్యి నొక్కుకుంటూ కూర్చునేది.

ఆమెను ఏమని పిలవాలా అని కళావతి కొడుకు పవన్ కాస్త ఇబ్బందిపడ్డాడు. ఎంతైనా ఆ అమ్మాయి, ఇరవయ్యేళ్ల వయసులో వాళ్లమ్మే. చివరికి మేడమ్ అని ఖాయం చేసుకున్నాడు.

"మేడమ్, షుగర్ వన్నా టూనా? నాకు ఆఫీస్‌కి లేటవుతోంది."

కళావతి ఒకప్పుడు మద్రాసులో చవకరకం కౌబాయ్ సినిమాల హీరోయిన్. గండికోట లోయని మెక్సికో అనుకోమనేవారు, అనుకునేది. ఆఖరి సినిమా సగంలో ఆగిపోయింది. హాళ్ల ముందు పెట్టే ఫోటో కార్డులు మాత్రం అప్పటికే అచ్చయిపోయాయి. వాటిని దాచుకున్న యోగానంద్ అనే అభిమాని ఈమధ్యే తెనాలి నుంచి పార్సిల్ చేశాడు. ఒక కార్డులో ఆమె, అంచుకి అవతల ఎవరికో పిస్తోలు గురిపెట్టి ఉంది.

"పిన్నిగారూ, నేను కాల్చాల్సింది ఎవర్ని?" అమ్మాయి రోజూ అదే అడిగేది. "డైరెక్టరుగారు రేపు చెప్తానన్నారు."

"హీరోనేమో. కాదు, అతను నీ పక్కనే ఉన్నాడుగా. అసలు నువ్వు బందిపోటు కూతురివా, షెరీఫ్ కూతురివా?" కళావతికి అంతా కలగాపులగం.

యోగానంద్‌కి ఫోన్ చేశారు. "కార్డులతోపాటే అచ్చేసిన పాటల పుస్తకం తీశానమ్మా," అన్నాడతను. "మీరు పిస్తోలు అందుకునేదాకా కథ ఉంది. ఆపైన 'మిగతా వెండితెరపై చూడండి' అని వేసేశారు."

ఆ వారమే డాక్టర్ ద్వారకానాథ్ పరీక్ష చేసి, "ఆంటీ, గుండెలో వాల్వ్ బాగా పాడైంది. ఈ వయసులో ఆపరేషన్ రిస్కే, మానెయ్యడమూ రిస్కే. ఆలోచించి చెప్పండి," అన్నాడు. పవన్ పొద్దున చేయిద్దామనేవాడు, సాయంత్రానికి వద్దనేవాడు. కళావతి మెట్లెక్కలేక సోఫాలోనే పడుకునేది. ఏదీ తేల్చుకోలేకపోయింది.

ఒక మధ్యాహ్నం అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"నాది తీసుకోండి పిన్నిగారూ. కార్డులో ఉన్నంతసేపూ ఎలాగూ కొట్టుకోదు."

"మరి బయటికెలా వస్తావే?"

"రాను. ఈ చెయ్యి దింపేసి కూర్చుంటాను."

కళావతి వద్దనబోయింది. ఈలోగా అమ్మాయి ఆమె అరచేతిని తన గుండెమీద ఆనించుకుంది. అంతే. తర్వాత టోపీ సర్దుకుని కార్డులోకి వెళ్లిపోయింది.

మర్నాడు ద్వారకానాథ్ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఎవరిదాంటీ ఇది?"

"నాదే," కాస్త ఆలోచించి అంది కళావతి.

"సరే. ఇంక ఆపరేషన్ అక్కర్లేదు. వచ్చే ఏడాది ఓసారి కనబడండి."

తిరిగొస్తూ కార్లో ఉన్నట్టుండి ఆమె గుండె దడదడలాడింది. ఎవరిమీదో ప్రేమ. పేరు లేదు, మొహం లేదు. కార్డు అంచుకి అవతల నిలబడ్డ మనిషే అయ్యుండాలి.

"నేను కాల్చి ఉండేదాన్ని కాదురా."

"ఎవర్నమ్మా?"

"తెలీదు. కారాపు."

దిగి, పార్కు పక్కనున్న ఎత్తురోడ్డు మీదికి చకచకా నడవసాగింది. పవన్ కారు నెమ్మదిగా పక్కనే పోనిస్తూ అద్దం దించాడు. ఆపాలో, సంతోషించాలో అతనికి అర్థం కాలేదు.

"ఎక్కడికమ్మా?"

"చూడాలి. నువ్వు ఇంటికెళ్లి అన్నం పెట్టుకుని తిను," అంది కళావతి, ఆయాసం లేకుండా.