రెండడుగుల వెడల్పు

ఆమె సంచి సర్దుతోంది. అడుగున చీరలు, వాటి మీద పసిబిడ్డ కోసం మెత్తని పాత గుడ్డలు, అన్నిటికంటే పైన ప్లాస్టిక్ కవరులో చుట్టిన కొత్త చెప్పులు. చెల్లెలి కూతురు ప్రసవించింది. పదిహేను రోజులు చేతిసాయానికి వెళుతోంది.

"ఆ చెప్పులు బయటికి తియ్. ఇవాళ గుమ్మంలోనే తొడుక్కుని వెళ్తావు," అన్నాడు కిటికీ బయట నేల మీద వంగి ఉన్న ఆమె భర్త, ఊళ్లో అందరికీ మీటరాయన.

"పదకొండేళ్ల నుంచి వింటున్నాను," అంది ఆమె.

ఇంటి ముందు బాట స్కూటరుకు సరిపడా వేసుకున్నది. ఎవరి కారు వచ్చి ఆగినా తలుపు బురదలోకే తెరుచుకునేది. అందుకని ఆమె పాత హవాయి చెప్పులతో కారు దాకా వెళ్లి, సీట్లో కూర్చుని కొత్తవి తొడుక్కుని, పాతవాటిని బాట మీదకు గిరాటేసేది. ఆయన వాటిని కడిగి గుమ్మం పక్కన పెట్టేవాడు.

ముప్పై ఒక్క ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. ఏ గేటు గొళ్లెం ఎటు తిరుగుతుందో, ఏ కుక్క మొరిగి ఊరుకుంటుందో, ఏది పిక్క పట్టుకుంటుందో ఆయనకు తెలుసు. ఎవరింటికి వెళ్లినా కాళ్లు దులుపుకునే గుమ్మం ఎక్కేవాడు. బురద మాత్రం తన వాకిట్లోనే మిగిలిపోయింది.

బాటను రెండడుగులు వెడల్పు చేసే ఈ పని నిజానికి నిన్నటికే అయిపోవాలి. కానీ కొత్త సిమెంటు ఇటుకలు ఎర్రగా, పాతవి బూడిదరంగులో, మాసిక వేసిన చొక్కాలా కనిపించాయి. ఆయన మనసొప్పలేదు. పాతవాటిని ఒక్కొక్కటే లేపి తిరగేశాడు. అడుగువైపు ఎరుపు అలాగే ఉంది.

"ఇలా రా ఓసారి," అని నిన్న ఆమెను పిలిచి చూపించాడు. "మనం పరిచిన రోజు ఎలా ఉందో అలాగే లేదూ?"

అప్పుడు కొత్త కాపురం. ఆమె ఇటుకలు అందిస్తే ఆయన రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టాడు. వరుస పూర్తయినప్పుడల్లా ఆమె వట్టి కాళ్లతో దాని మీద నడిచి, "ఊఁ, కదలట్లేదు," అనేది. అలా అన్నాకే తర్వాతి వరుస.

నిన్న ఆమె ఆ ఇటుకను చూసింది, ఆయన్ని చూసింది. "మిమ్మల్ని కూడా ఓసారి తిరగేస్తే బాగుణ్ణు," అంది.

ఆ తిరగేతలోనే ఒక రోజు పోయింది. ఇవాళ మూడున్నరకు చివరి వరుస పడింది. దాని అంచుకు సిమెంటు పోసి తాపీతో నున్నగా లాగుతుండగా కారు వచ్చి ఆగింది. తోడల్లుడు తల బయటపెట్టాడు.

"ఏంటన్నయ్యా, రిబ్బను కత్తిరించడానికి మంత్రిగారెప్పుడొస్తారు?"

"నువ్వొచ్చావుగా, చాల్లే."

ఆమె సంచితో గుమ్మం దిగింది. కాళ్లకు కొత్త చెప్పులు! ఎప్పుడు తీసిందో. నవ్వుతూ వచ్చి చివరి వరుస మీదకు పాదం ఎత్తింది.

"తొక్కకు!" అని అరిచాడు ఆయన. "అంచు తడిగా ఉంది. వరుసంతా జారిపోతుంది."

ఎత్తిన పాదం గాలిలో ఆగింది. ఆమె వెనక్కి వెళ్లి పాత చెప్పులు వేసుకుని, కొత్తవి చేత్తో పట్టుకుని, అవతలి వైపు బురదలోంచి నడిచి కారెక్కింది. అలవాటు ప్రకారం పాతవాటిని బాట మీదకు గిరాటేసింది.

"వచ్చాక నడుస్తాలెండి. అప్పటికి గట్టిపడుతుంది."

కారు మలుపు తిరిగింది. ఆయన చేతులనిండా సిమెంటు. చెప్పులు రేపు కడుగుదామనుకున్నాడు.

మర్నాడు అంచు ఆరింది. ఆయన వట్టి కాళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఒక్క ఇటుకా కదల్లేదు. ఆ మాట పైకి అనలేదు, అది ఆమె అనాల్సింది. చెప్పులు కూడా కడగలేదు. ఆమె వచ్చి నవ్వుకుంటుందని అలాగే ఉంచాడు.

ఆమె వెళ్లింది మంగళవారం. తొమ్మిదో రోజు, బుధవారం పొద్దున, పసిబిడ్డకు నీళ్లు పోసి, చేతులు తుడుచుకుని గోడకు ఆనుకుంది. మళ్లీ లేవలేదు. ఈ వాకిట్లోకి తిరిగి రాలేదు.

ఎర్రని ఇటుకల మీద, బురద ఎండిన ఆ హవాయి చెప్పులు, ఒకటి తిన్నగా, ఒకటి తిరగబడి.