గడియారంపెట్టెలో కప్పపిల్లలు

మా బామ్మర్ది కప్పల్ని పెంచుతున్నాడని ఎవరితో అన్నా ముందు నా మొహంలోకి చూస్తారు. నా మాటల్లో పావలా వంతు నిజం ఉంటే గొప్పని మా ఆవిడే వీధంతా చాటింది కాబట్టి వాళ్లని అనడానికీ లేదు. కానీ ఇది మాత్రం కప్పల మీద ఒట్టు.

బామ్మర్ది గడియారాలు బాగుచేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక చీమతలంత మరమేకు పట్టు చిక్కక, దుకాణం మూసేసి, సామాను మూట కట్టుకుని మా మేడగదిలోకి వచ్చి పడ్డాడు. పెళ్లాం పిల్లలు లేని మనిషి. అక్క పెట్టింది తినడం, కిటికీలోంచి చూడడం, అంతే. నేను ఎన్ని కోతలు కోసినా పెదవి కదిపేవాడు కాదు. బామ్మర్ది నవ్వనప్పుడు బావగా పుట్టి ఏం లాభం చెప్పండి.

వానలు పట్టుకున్నాక ఓ పొద్దున డాబా మీది నీళ్లతొట్టి అంచుకి సబ్బునురగ లాంటిది అంటుకుని కనపడింది. తొట్టి కడగమంటే కడిగిన తీరు ఇదా అని మా ఆవిడ నన్ను దులిపేసి, గీకడానికి అట్లకాడ తెచ్చింది. బామ్మర్ది అడ్డం వెళ్లాడు. లోపల ఏదో మెదులుతోంది, ఉండమన్నాడు. చూస్తే అవి చెట్టుకప్ప గుడ్లు.

ఆ రోజు నుంచి వాడి నివాసం కిటికీ దగ్గర నుంచి తొట్టి దగ్గరికి మారింది. నురగలోంచి తోకకప్పలు నీళ్లలోకి జారితే, ఉడికించిన ఆకుకూర నలిపి వేశాడు. వాటికి కాళ్లొచ్చాయి, తోకలు కరిగాయి. గోరంత కప్పపిల్లలు తొట్టి గోడలు ఎగబాకుతుంటే, పాత గోడగడియారం ఒకదాని మర ఊడదీసి, ఆ అద్దాలపెట్టెలో తడినాచు పరిచి, ఓ కొమ్మ గుచ్చి, పైన దోమతెర బిగించి వాటికి ఇల్లు కట్టాడు. కప్పల తక్కెడంటే ఏమిటో వాటిని అందులోకి మార్చిన రోజు నాకు తెలిసింది. ఒకటి పెడితే రెండు బయటికి. ఒకటి నా జేబులో దూరి నా కళ్లజోడు పెట్టుకుందని నేనంటే మా ఆవిడ నమ్మలేదు.

కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. అవి మేత ముట్టలేదు. తోకలున్నప్పుడు లొట్టలేసుకు తిన్న ఆకుకూర వైపు ఇప్పుడు కన్నెత్తి చూడలేదు. తోకతోపాటు శాకాహారం కూడా పోయిందిరా, పురుగు పెట్టమన్నాను. పెట్టడానికి మా ఇంట్లో పురుగేదీ? మా ఆవిడ ఈగని కూడా గడప దాటనివ్వదు. దాటిందంటే దోమల బ్యాటుతో చిటపటలాడిస్తుంది. వాడు ఆ రాలిన దోమల్నే ఏరుకుని, సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే పట్టుకుని పిల్లల నోటి ముందు పెట్టేవాడు.

పెట్టే తీరు చూడాలి. దుకాణంలో నేర్చిన పద్ధతి. మోచెయ్యి బల్లకి ఆనించి, ఎడం చేత్తో కుడి మణికట్టు బిగించి, ఊపిరి బిగబట్టేవాడు. అంత గట్టిగా అదిమితే వణుకు ఆగేది. దోమ చెక్కకి కొట్టిన మేకులా నిలబడేది. కప్పపిల్ల దాన్ని గోడని చూసినట్టు చూసి, మొహం తిప్పుకునేది.

పిల్లలు ఎండిపోసాగాయి. అద్దానికి అంటుకున్నదాని వీపు మీద ఎముక గీతలా కనపడుతోంది. తోటలో వదిలేద్దామన్నాను. ఈ నీరసంతో గెంతలేవు, బల్లులకి పలహారం అవుతాయన్నాడు. పట్టకారు పక్కన పెట్టి అన్నాడు:

"ఆగిపోయినవాటిని నడిపించి బతికాను బావా. ఇవి నా చేతిలోనే ఆగిపోతాయేమో."

నేను పెట్టె మీది దోమతెర సర్దేసి కిందికి దిగాను.

మర్నాడు మధ్యాహ్నం వాడు భోజనానికి దిగలేదు. కప్పలు పోతే వాడు మళ్లీ ఆ కిటికీకి అతుక్కుపోతాడని మా ఆవిడ భయం. నా భయమూ అదే.

"మీ నోటికి ఎప్పుడూ పనే కదా. ఇవాళ వాడికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని నన్ను మేడెక్కించింది.

వాడు మణికట్టు బిగించి దోమని పట్టుకుని ఉన్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, మా చిన్నప్పుడు మా బడిగంట మింగిన కప్ప సంగతి ఎత్తుకున్నాను. గంట కడుపులో పడ్డాక అది బెకబెకమనడం మానేసి గణగణమనేది. అది అరిచినప్పుడల్లా బడి వదిలేశారని పిల్లలం ఇళ్లకి పరిగెత్తేవాళ్లం. పంతులుగారు కర్ర పుచ్చుకుని దాని వెంట పడితే అది గెంతింది. గెంతినప్పుడల్లా మళ్లీ గంట. ఆ వానాకాలం మాకు చదువే లేదు. అందుకే నాకు ఎక్కాలు సగమే వచ్చు.

"పంతులుగారు చివరికి ఏం చేశారో తెలుసా? దాని పేరు హాజరుపట్టీలో ఎక్కించారు. రోజూ టైముకి వచ్చేది అదొక్కటేనని."

వాడి భుజాలు కదిలాయి. ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. పొట్ట పట్టుకోవాలంటే మణికట్టు వదలాలి కదా. వదిలాడు. పట్టకారు చివర దోమ ప్రాణమొచ్చినట్టు గజగజలాడింది.

అద్దం మీది పిల్ల తల తిప్పింది. టప్పున ఓ చప్పుడు. దోమ లేదు.

పిల్ల కళ్లు మూసి మింగి, మళ్లీ తెరిచింది. వాడు ఇంకో దోమని పట్టుకుని, ఈసారి మోచెయ్యి గాల్లోనే ఉంచి, చేతిని దానిష్టానికి వదిలేశాడు. అది వణికింది. కొమ్మ మీది పిల్ల ఎగిరి అందుకుంది.

"కదిలితేనే తింటాయి బావా" అన్నాడు మెల్లగా. "నేను కదలకుండా పట్టుకు చచ్చాను."

అక్కని కేకేశాడు. ఆవిడ అన్నం గిన్నెతోనే పైకొచ్చి, మూడోది మింగడం చూసి, గుమ్మంలోనే చతికిలబడింది. గిన్నెని తమ్ముడి ముందుకు తోసింది. వాడు ఓ ముద్ద తను తిని, ఓ దోమ వాటికి పెట్టి, అలా వంతులేసుకుని గిన్నె ఖాళీ చేశాడు.

ఇప్పుడు మా వంటింటి కిటికీలో ఓ సీసా ఉంటుంది. అందులో మగ్గిపోయిన అరటిపండు, దాని చుట్టూ నలకల్లాంటి ఈగలు. ఈగని చూస్తే బ్యాటెత్తే మనిషి, ఆ సీసా దగ్గర గట్టిగా తుమ్మితే నన్ను కసురుతోంది. పిల్లలు బతికున్నవాటినే వేటాడుతున్నాయి. పొట్టలు గుండ్రంగా తేలాయి. ఇంకాస్త బలిశాక పెరట్లోకి వదులుతామంటున్నాడు. అయినా రోజుకొక దోమని మాత్రం పట్టకారుతోనే పెడతాడు. అది చేతికి మర్యాదట.

మొన్న వాన పడుతుంటే మేడ మీద కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ బడిగంట ఇత్తడిదా ఇనపదా బావా?"

ఇత్తడిదే అన్నాను.

"అయితే తుప్పు పట్టదులే" అన్నాడు, పెట్టె అద్దం మీది వాన చినుకులు తుడుస్తూ. "పొద్దున ఆ కప్ప ఈ పక్కనుంచే వెళ్లింది. నేను విన్నాను."