అరవై మూడు సంతకాలు

అరవైతొమ్మిదో సంవత్సరం కార్తీకం మొదట్లో, వరికోతలకి ఇంకా పదిరోజులుందనగా, సూరయ్య రాజాం దగ్గరి పల్లెలో ఉన్న అక్క ఇంటికి వచ్చాడు. అతను చీపురుపల్లి స్టేషన్లో గ్యాంగ్‌మన్. పండక్కో పెళ్ళికో తప్ప రాని తమ్ముడు మామూలు రోజున దిగేసరికి, ఎవరికేమైందని మరిడమ్మ గుమ్మంలోనే అడిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. స్టేషన్లో చదువుకున్నవాళ్ళు చెప్పుకుంటుంటే విన్న సంగతి చెప్పడానికి వచ్చాడు. రాజ్యాంగం రాసినప్పుడు హరిజనులకీ గిరిజనులకీ అసెంబ్లీలోనూ పార్లమెంటులోనూ కొన్ని సీట్లు విడిగా ఉంచారట. అవి పదేళ్ళకే అన్నారట. పదేళ్ళూ నిండబోతుంటే రాజ్యాంగాన్ని సవరించి ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఆ గడువు కూడా వచ్చే జనవరితో తీరిపోతుంది. మళ్ళీ సవరించాలని ఢిల్లీలో బిల్లు పెట్టారు గాని, సభ ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోమంటూ మన పేటల నుంచి కూడా అర్జీలు వెళ్ళాలని సూరయ్య, అతని తోటివాళ్ళు అనుకున్నారు.

రాజ్యాంగమనేది ఒకటుందని మరిడమ్మకి తెలుసు. దాన్ని మార్చుతారనీ, అందులో తమ సంగతి కూడా రాసి ఉందనీ ఇప్పుడే వింటోంది. కానీ సీటంటే ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండేళ్ళ కిందట ఎన్నికల్లో అలా విడిగా ఉంచిన సీటులో వాళ్ళ కులపాయనే ఎమ్మెల్యే అయ్యాడు. అంతకుముందు ఓట్లకొచ్చిన బాబులు పేట మొదట్లోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవారు. ఆయన లోపలికొచ్చి, వాళ్ళ నులకమంచం మీద కూర్చుని, వాళ్ళ చెంబుతోనే నీళ్ళు తాగాడు. ఆ ఏడే పేటలో నుయ్యి పడింది. అప్పటిదాకా ఊరినూతి దగ్గర కడవ కింద పెట్టి, ఎవరైనా దయతలచి పోస్తారేమోనని గంటలకొద్దీ నిలబడేవారు.

"ఆ సీటే లేపోతే ఈ నుయ్యెక్కడిది, అప్పా?" అన్నాడు సూరయ్య అక్కతో.

అర్జీ రాసింది మరిడమ్మ కోడలు కూర్మమ్మ. పొందూరు దగ్గర హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల. కాపురానికొచ్చిన రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆమెని ఏదైనా చదవమని గాని రాయమని గాని అడిగినవాళ్ళు లేరు. చేటతో చెరగడం కూడా సరిగ్గా రాదని మరిడమ్మే నలుగురిలో అనేది. ఆ పిల్ల గడప మీద కూర్చుని కొట్టివేతల్లేకుండా పేజీన్నర రాసి, గొంతు వణక్కుండా చదివి వినిపిస్తుంటే మరిడమ్మ నోరు తెరుచుకుని విన్నది.

సూరయ్య వేలిముద్రల కోసం సిరాడబ్బా తీశాడు. మరిడమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆమె మొగుడు చనిపోయిన ఏడాది, చెరువుగట్టు కింద వాళ్ళకున్న ఎనభై సెంట్ల మడికి శిస్తు రసీదని చెప్పి, ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావు తండ్రి ఆమె చేత ఒక కాగితం మీద వేలు వేయించుకున్నాడు. మరుసటి తొలకరికి ఆ మడిలో గణపతిరావు వాళ్ళ ఎడ్లు దున్నుతున్నాయి. ఆ సంగతి తమ్ముడితో కూడా ఆమె ఎప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనలేదు.

"పేరు రాస్తాను," అంది. "ఎన్నాళ్ళు పడతాదే, కూర్మీ?"

"రోజూ రాస్తే పదిరోజులు సాలు, అత్తా."

మొదట అందరూ నవ్వారు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నం అంబలి తాగాక కూర్మమ్మ అరుగు మీద బూడిద చల్లి, ఎవరి పేరు వాళ్ళకి రాసి చూపించేది. మరిడమ్మకి 'మ' తొందరగానే వచ్చింది. కింద పెట్టాల్సిన వత్తు మాత్రం ఎంతకీ మాట వినక, పక్కకి జారిపోయేది. ముసలి అసిరయ్యకి చెయ్యి వణికేది. పట్టుకుని రాయించబోతే వద్దన్నాడు. వారంరోజులకి పందొమ్మిదిమంది అర్జీ మీద సంతకం పెట్టారు.

కోతలు మొదలయ్యే ముందురోజు, అర్జీ సంగతి తెలిసి గణపతిరావు మరిడమ్మని కళ్ళంలోకి పిలిపించాడు. పేట ఆడవాళ్ళని కోతకి తీసుకొచ్చే పెద్ద ఆమే. ఆ కాగితం తనకిస్తే సీలు వేసి తనే పంపిస్తానని మెత్తగా చెప్పి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడతని గొంతు మారింది.

"ఇదిగో మరిడీ, దాని మీద సంతకం పెట్టినోలెవులూ నా మడిలో దిగక్కర్లేదు."

ఇంటికెళ్ళి ఆలోచించి చెప్తానందామనుకుంది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"అలగైతే మా పేటలో దిగీవోలు ఎవులూ లేరు, బాబూ. అందరం పెట్టీసినాం."

అది అబద్ధం. దారి పొడుగునా ఆ అబద్ధం ఆమె కాళ్ళకి అడ్డం పడుతూనే ఉంది. పందొమ్మిదిమంది కోసం పేట మొత్తానికి పని పోగొట్టింది. రామందిరం అరుగు దగ్గర అందరినీ కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పి, తిట్టేవాళ్ళు తిట్టండని తలొంచుకుంది.

కొందరు తిట్టారు కూడా. కాసేపటికి గున్నమ్మ అనే బాలింత చంటిదాన్ని పక్కామె ఒళ్ళో పెట్టి లేచింది.

"అనీసింది కదా. ఇప్పుడు నిజం సేసీడమే," అంటూ కూర్మమ్మ ఎదురుగా కూర్చుంది.

మూడురోజులు ఎవరూ కోతకి వెళ్ళలేదు. చిక్కటి అంబలి పల్చనైంది. పని లేదు కాబట్టి పొద్దస్తమానం అరుగుల మీద రాతే. మూడోనాటికి పేటలో పెద్దవాళ్ళు అరవైముగ్గురూ సంతకం పెట్టారు. చివరిది అసిరయ్యది, నాలుగక్షరాలు ఆఖరి కాగితంలో సగం ఆక్రమించాయి. ఆ సాయంత్రమే సముద్రంవైపు నుంచి మబ్బు లేచింది. గణపతిరావు చేలో పండిన వరి గింజ రాల్చడానికి సిద్ధంగా ఉంది. తెల్లారేసరికి అతని పాలేరు వచ్చి, బాబు కోతకి రమ్మన్నారని చెప్పాడు. కాగితం ఊసెత్తలేదు. మరిడమ్మా ఎత్తలేదు. కొడవళ్ళు తీసుకుని అందరూ కలిసే వెళ్ళారు.

అర్జీని రాజాం పోస్టాఫీసులో రిజిస్టరు చేయించింది కూర్మమ్మే. జవాబేమీ రాలేదు. డిసెంబరులో సూరయ్య మళ్ళీ వచ్చి, లోక్‌సభలో బిల్లు నెగ్గిందనీ, సీట్లు ఇంకో పదేళ్ళు ఉంటాయనీ చెప్పాడు.

"మన కాయితం సదివారంటావా?" అని అడిగింది మరిడమ్మ.

"తెలీదప్పా."

పదేళ్ళకి మళ్ళీ ఇలాగే అడగాలా అని అడిగింది. అడగాల్సే రావచ్చన్నాడు సూరయ్య. అయితే మళ్ళీసారికి అర్జీ రాయగలిగినవాళ్ళు పేటలో ఒక్కరే ఉంటే చాలదనిపించింది ఆమెకి. అప్పటికే గున్నమ్మతో పాటు పదకొండుమంది ఆడవాళ్ళు, పేరుతో ఆగకుండా మిగతా అక్షరాలు కూడా చెప్పమని కూర్మమ్మ చుట్టూ తిరుగుతున్నారు. పొయ్యి దగ్గర నుంచి కదలడానికి ఆ పిల్లకి తీరిక దొరకడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం మరిడమ్మ కోడలి చేతిలోంచి గరిటె తీసుకుంది.

"నువ్వెల్లు. వాలు కూకున్నారు," అంది. ఆరోజు నుంచి ఆ ఇంట్లో మధ్యాహ్నం వంట అత్తగారిదే అయింది.