పిప్పరమెంటు రంగు కారు

కారు కొనడానికి వెళ్లినదాన్ని కారు కొనుక్కుని రావాలి. నేను అలా రాను. ఎక్కడికి వెళ్లినా అక్కడివాళ్లు తమ గోడంతా నా నెత్తిన పోసి పంపిస్తారు. నా మొహంలో ఏం కనిపిస్తుందో నాకు తెలీదు. ఇన్నేళ్ల ఉద్యోగంతో ఆ కళ వచ్చేసిందేమో.

నాది నీళ్ల ఆఫీసులో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దున కుర్చీలో కూర్చుని చెవులకి ఫోను తగిలించుకుంటే సాయంత్రం దాకా జనం తిడుతూనే ఉంటారు. "మీరంతా బతికే ఉన్నారా?" అని ఒక ముసలాయన అరుస్తాడు. నేను ఇంజనీరుకి ఫోను చేసి, "సార్, ఆ వీధిలో పాపం కాస్త ఇబ్బంది పడుతున్నారు" అంటాను. "ఆయనకి వేరే పనీ పాటా లేదా?" అంటాడు ఇంజనీరు. నేను మళ్లీ ముసలాయనకి ఫోను చేసి, "సార్ స్వయంగా మీ విషయమే చూస్తున్నారండీ" అంటాను. అటునుంచి వచ్చిన కారాన్ని ఇటు చేరేసరికి పంచదార చెయ్యడానికే నాకు జీతం. మొదట్లో ఆలోచించి చేసేదాన్ని. ఇప్పుడు నాతో పనిలేకుండా నా నోరే చేసుకుపోతుంది.

తిట్లు తిన్నా తట్టుకుంటాను, తిరుగుడే నా ప్రాణం తీస్తోంది. రెండు బస్సులు మారి, ఉసూరుమంటూ మా వీధిలోకి వచ్చేసరికి కాళ్లు దుంగల్లా వాచి ఉంటాయి. సరిగ్గా అప్పుడే మా ఆయన పనికి బయల్దేరుతుంటాడు. మా మేనమామ కొడుకే, పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తాను. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఓవెన్ల దగ్గర రాత్రి పని. మెట్ల మీద ఎదురవుతాం. "ఎలా ఉన్నావు? వంట చేసి మూతపెట్టాను" అంటాడు. "బానే ఉన్నాను. మందు వేసుకున్నావా?" అంటాను. అతను దిగిపోతాడు, నేను ఎక్కిపోతాను. పొద్దున అతను తిరిగొచ్చేసరికి నేను బస్టాపులో ఉంటాను. మా కాపురం మెట్ల మీదే జరుగుతోంది.

కారుంటే గంట ముందు ఇల్లు చేరతాను. ఆ గంటసేపు ఇద్దరం ఎదురెదురుగా కూర్చోవచ్చు. ఎందుకమ్మా కారు అని ఎవరడిగినా కాళ్లనొప్పులని చెబుతున్నాను గానీ, నాకు కావలసింది ఆ గంట.

ప్రకటన చూసి ఫోను చేశాం, ధర ఫోనులోనే కుదిరింది. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల అపార్ట్‌మెంటుకి వెళ్లాం. కారు కింద స్తంభం పక్కన నిలబడి ఉంది. తాతలనాటి కారులా కనిపించాలని పనిగట్టుకుని ఈమధ్య తయారుచేసినది. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, చుట్టూ మెరిసే పట్టీలు. లోపల మిషనంతా ఇప్పటిదే. పైన తెలుపు, కింద లేత ఆకుపచ్చ.

"పిప్పరమెంటు బిళ్లలా ఉందే!" అన్నాడు బావ ఆవలిస్తూ.

రెండే తలుపులు. వెనక సీట్లోకి దూరాలంటే సర్కస్ చెయ్యాలి. అందుకే ఎవరూ కొనడంలేదట. మాకా పిల్లా జెల్లా లేరు, వెనక కూర్చునేదెవరు? అమ్మే ఆయన కళ్లజోళ్ల షాపు యజమాని. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో కారు మీటరు మీది దుమ్ము తుడిచి, తాళం నా చేతికిచ్చాడు. ఆఫీసు డ్రైవరు చెప్పి పంపినట్టే బానెట్ ఎత్తి చూశాను, టైర్లు తడిమాను, నాలుగు సందులు తిప్పాను. దగ్గలేదు, మూలగలేదు. క్లచ్ తొక్కితే మోకాలు నొప్పి పుట్టలేదు. దేవుడా, ఇది నాదే అనిపించింది. చచ్చేంత ఆశ పుట్టింది.

"కారు ఇద్దరి పేరు మీదా ఉందమ్మా. సంతకాలు పైన పెట్టేద్దాం, రండి" అన్నాడాయన.

పైకి వెళ్లాం. హాల్లో మెత్తటి సోఫా ఉంది. రాత్రి డ్యూటీ మనిషికి అంతకన్నా ఏం కావాలి? బావ కూర్చున్నాడు, తల వాల్చాడు, అయిపోయింది. నాకు సిగ్గేసి మోచేత్తో పొడిచాను. ఉలకలేదు.

కళ్లజోళ్లాయన ఎదురుగా కూర్చుని కాగితాలు నావైపు జరిపాడు. "లోపల ఆవిడుంది. సంతకం పెట్టమని చెప్పమ్మా."

ఆయనే ఒక్క కేక వేస్తే సరిపోయేది కదా అనుకుంటూ లోపలికి నడిచాను. మధ్య గదిలో బట్టలుతికే మిషను ఊగిపోతూ గోల చేస్తోంది. అది దాటి చివరి గదిలో ఆయన భార్య అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుతోంది. స్కూల్లో టీచరు. మర్నాడు స్కూలు దగ్గరే చిన్న ఇల్లు తీసుకుని వెళ్లిపోతోందట, ఒక్కతే. ఈ సంగతంతా నేనడక్కుండానే చెప్పింది. చెప్పానుగా, నా మొహం అలాంటిది.

"సంతకానికేం, పెడతాను. ముందు ఆయన్నొక మాట అడుగమ్మా" అంది పెట్టెకి టేపు అంటిస్తూ. "ఆ కారు కొనేముందు నన్ను అడిగారా అని."

అప్పటికి నాకర్థమైంది. ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. నా ఖర్మ కాకపోతే ఆదివారం కూడా నాకిదే ఉద్యోగమా?

మిషను పక్కనుంచి హాల్లోకి వచ్చాను. ఆయన తలెత్తి చూశాడు. నా నోరు తెరుచుకుంది. "మీరు ఎంతో ముచ్చటపడి కొన్నారని వదినగారు చెబుతున్నారండీ."

ఆయన ముందుకు వంగాడు. "అలా అందా? ముచ్చటపడే కొన్నానమ్మా. అందులో ఎక్కి ఒక్కరోజైనా నవ్వు మొహంతో కూర్చుందేమో అడుగు" అన్నాడు పుల్లవిరుపుగా.

లోపలికి వెళ్లాను. "మీరు నవ్వుతూ పక్కన కూర్చుంటే చూడాలనుకున్నారట వదినగారూ."

ఆవిడ టేపు తెంపుతూ, "నవ్వడానికి మనిషి ఏదైనా మాట్లాడాలిగా. అద్దాల మనిషి, ఎదురుగా ఉన్నవాళ్లని మాత్రం చూడరు" అంది. నేను హాల్లోకి వచ్చి, "మీరు రెండు మాటలు మాట్లాడితే ఆవిడకి ఎంతో బాగుంటుందటండీ" అన్నాను.

అటూ ఇటూ ఇంకెన్నిసార్లు తిరిగానో. కాళ్లు పీకుతున్నాయి, బుర్ర పనిచెయ్యడం మానేసింది, నోరు మాత్రం చకచకా పంచదార చేస్తూనే ఉంది. ఆయనలో వస్తున్న తేడా నేను చూడలేదు. ఆయన కాగితాలు ముందునుంచి పక్కకి జరిపేసినప్పుడు చూశాను.

"కూర్చోమ్మా" అన్నాడు. మొహం విప్పారింది. "అమ్మకం సంగతి తర్వాత చూద్దాం. మీకు ఇంకోటి దొరక్కపోదులే."

నా కారు! నా నోటితో నేనే నా కారుని పోగొట్టుకుంటున్నాను.

"అన్నయ్యగారూ, అలా కాదండీ..."

"ఒక్కసారి లోపలికి వెళ్లి అడిగి రామ్మా" అన్నాడాయన గొంతు తగ్గించి. "కారు ఉంచేస్తాను. ఆవిడ కూడా ఉండిపోతుందేమో అడుగు."

అప్పుడు తగిలింది నాకు. కారు పోతే పోయింది, ఈయన మొహంలో ఉన్న ఆశ ఎవరిది? లోపలున్న మనిషి ఇచ్చింది కాదు. నేను పెట్టింది. ఇప్పుడు వెళ్లి ఇది కూడా అడిగి, ఆవిడ ఛీకొడితే, దాన్ని నేను దేనిలో ముంచి తియ్యాలి?

"నేనడగనండీ" అన్నాను. అంత గట్టిగా అందామనుకోలేదు. కానీ వచ్చాక ఆగలేదు. "మీరే వెళ్లి అడగండి. రెండు గదుల అవతలుంది. వారమంతా ఊళ్లోవాళ్ల మాటలు మోసి నా గొంతు పడిపోయింది. మా ఆయన్ని చూడండి, పరాయింట్లో ఎలా పడి నిద్రపోతున్నాడో! మేమిద్దరం మాట్లాడుకోవడానికి గంట దొరక్క కారు కొనుక్కుంటున్నాం. మీకు పొద్దస్తమానం ఒకే ఇల్లు, ఒకే కప్పు. నోరు తెరవడానికి మీకేం జబ్బు?"

నా కేకకి బావ ఉలిక్కిపడి లేచాడు. లోపల్నుంచి ఆవిడ టేపు పట్టుకునే వచ్చింది. "ఏమడగాలట?" అంది నావైపే చూస్తూ.

నేను గోడవారకి జరిగాను. ఆయన లేచి నిలబడ్డాడు. భార్యతోనే, నేరుగా అన్నాడు. "వెళ్లడం మానేస్తావా?"

"ఎందుకు మానేస్తాను?"

"నేను ముచ్చటపడి కొన్నానన్నావట కదా. మాట్లాడితే బాగుంటుందన్నావట."

"నేనా?"

ఇద్దరూ నావైపు తిరిగారు. ఫోనులో అయితే లైను కట్ చేసుకోవచ్చు. ఇక్కడ మొహం ఎక్కడ పెట్టుకోను?

ఆవిడకి అర్థమైనట్టుంది, నన్నేమీ అనలేదు. భర్తవైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "నేనన్నది, కొనేముందు నన్నడిగారా అని. కొని తెచ్చి కింద పెట్టి, నన్ను దిగి రమ్మని వాచ్‌మన్‌తో కబురు పెట్టారు. రెండంతస్తులు ఎక్కి వచ్చి మీరు చెప్పలేకపోయారు. ఇవాళ ఈ అమ్మాయితో చెప్పిస్తున్నారు."

"కోపం వచ్చిందా?"

"కోపం ఎప్పుడో పోయిందండీ. ఓపికే లేదు."

ఆయన కాగితాలు ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ వంగి సంతకం పెట్టేసింది. తర్వాత ఆయన పెట్టాడు. రోజంతా ఊరికి చూపు సరిచేసే మనిషి, కళ్లజోడు పెట్టుకోవడం మర్చిపోయి గీత దాటి పెట్టాడు. డబ్బు తీసుకుని తాళం మళ్లీ నా చేతిలో పెడుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను. వెళ్తుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "నీ తప్పేం లేదమ్మా, మంచికే చెప్పావు" అంది. ఆ మాట నిజంగానే అందో, నాలాగే మెత్తగా మార్చి అందో నాకు తేలలేదు.

కారు వీధిలోకి తిప్పాను. కావాలనుకున్న కారు, పక్కన మొగుడు. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి రోడ్డుకేసే చూస్తూ నడిపాను. బావ కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఆయన మొహం చూశావా?" అన్నాడు చాలా దూరం వెళ్లాక.

"చూశాను."

"పాపం, ఉన్న కాసేపూ ఎంత సంబరపడ్డాడు! నాకు నిద్దర్లో కూడా వినబడింది."

"కావాలని చెయ్యలేదు బావా. అలవాటు."

"తెలుసు" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "నాతో కూడా అంతేనా?"

"నీతో ఏంటి?"

"మెట్ల మీద రోజూ అడుగుతాను, ఎలా ఉన్నావని. రోజూ బానే ఉన్నానంటావు. అది నువ్వనే మాటా, ఫోనులో అనే మాటా?"

ముందు రోడ్డు అలికినట్టయింది. వెనకాల ఎవడో హారను కొట్టాడు. కారుని పక్కకి తీసి ఒక మూసిన కొట్టు ముందు ఆపాను. మామూలుగా అయితే ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చు. పిచ్చి బావా, నాకేమయింది, రాయిలా ఉన్నాను అనాలి. నోట్లోకి వచ్చింది కూడా. మింగేశాను.

"బాలేను" అన్నాను. "అస్సలు బాలేను బావా. రాత్రిళ్లు ఆ ఇంట్లో ఒక్కదాన్నే పడుకోలేకపోతున్నాను. గడియ వేశానో లేదోనని లేచి లేచి చూసుకుంటున్నాను. నువ్వు రాత్రి పని మానెయ్యమని అడగాలని ఉంది. ఈ వయసులో నీకు ఇంకో పని ఎవరిస్తారని అడగలేదు. నీ మీద కోపం కూడా ఉంది. నువ్వు వంట చేసి మూతపెడతావు చూడు, దానిమీద కూడా కోపమే. ఎదురుగా కూర్చోకుండా పెట్టిన తిండి నాకెందుకు?"

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. బావ నావైపు తిరిగి, ఎవర్నో కొత్తమనిషిని చూస్తున్నట్టు చూశాడు. వెంటనే ఓదార్చలేదు, అందుకు బతికించాడు. ఓదారిస్తే మళ్లీ బానే ఉన్నానని అనేసేదాన్ని.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

"పద, నీకు డ్యూటీ టైమవుతుంది. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"టైమయితే అవనీ" అన్నాడు. "ముందు ఇంజను ఆపు."

ఆపాను.