షావలి మూయించిన ఖాతా

కాలేయం పూర్తిగా చెడిపోయిందని, వానలు పడేదాకా ఉంటే గొప్పేనని బెంగుళూరు డాక్టరు చెప్పినప్పుడు షావలి ఏడవలేదు. ఏడ్చింది అతని భార్య మహబూబున్నీసా. అతను మాత్రం పామిడిలో బస్సు దిగేలోపే ఎవరెవరికి ఏమేం తీర్చాలో వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. అప్పు, వాళ్ల మాటలో కర్జు, మెడ మీద పెట్టుకుని పోకూడదని వాళ్ల నాయన చెప్పిన మాట అతనికి నమాజుతో సమానం.

మనిషే అలాంటివాడు. బజారులో నైటీలు కుట్టే దర్జీలు ఎంతోమంది ఉన్నారు గానీ, మిగిలిన జానెడు గుడ్డను కూడా మడతపెట్టి తిరిగిచ్చేవాడు ఇంకొకడుంటే చూపించమనండి. ఆ నిజాయితీతో వేగలేక మహబూబున్నీసా పెళ్లయిన నాటి నుంచీ తల కొట్టుకుంటూనే ఉంది.

దారాల అంగడి బాకీ తీరింది. మసీదు వీధిలో ఇల్లిల్లూ తిరిగి, అన్నదీ విన్నదీ మాఫ్ చేయమని అడిగి వచ్చాడు. ఇక బ్యాంకు ఖాతా మిగిలింది. కుట్టు మిషను కంతు నెలనెలా, బీమా పాలసీ కంతు ఏడాదికోసారి అందులోంచే కటింగ్ అవుతాయి. షావలి వాళ్లన్న జమీల్ చనిపోయినప్పుడు అతని ఖాతా ఆగిపోయి, వదిన మరణ పత్రం పట్టుకుని ఏడాది పాటు బ్యాంకు మెట్లరిగేలా తిరిగింది. నువ్వు అట్ల తిరగగూడదు, నేనుండంగనే మూసేద్దాం అని షావలి భార్య దగ్గర పట్టుబట్టాడు.

బ్యాంకులో మల్లికార్జున అనే గుమాస్తా, వయసులో చిన్నవాడైనా, మంచిమాటే చెప్పాడు. మహబూబున్నీసా పేరు మీద కొత్త ఖాతా తెరిచి, రెండు కటింగులనూ దానికి మార్చమన్నాడు. పాతదాన్ని మాత్రం అప్పుడే మూయొద్దన్నాడు.

"కొత్తదాంట్లోనించి ఒక్కతూరి కటింగ్ అయినాక మూసుకుందువులే అన్నా. అందాకా దీంట్లో కొంచెం దుడ్లు ఉండనీ. కాయితం పోయి రావల్లంటే టైం పడతాది."

"అందాకా నేనుంటానో లేదో అప్పా," అన్నాడు షావలి. "నా పేరు మీద ఏదీ నడస్తా ఉండగూడదు."

మూయించాడు. ఉన్నదంతా కొత్త ఖాతాలో వేయించి, పాలసీ దుడ్లు దీంట్లో ఉండాయి, వీటి జోలికి పోవద్దు అని భార్యకు గట్టిగా చెప్పాడు. పాలసీ వస్తే కూతురు నాజ్‌నీన్ నర్సింగు చదువు పూర్తవుతుంది, ఇల్లు నిలబడుతుంది. అతను పోయాక వాళ్లిద్దరికీ ఉన్న ఆధారమల్లా అదొక్కటే. బ్యాంకు బయట ఆ రోజు చాలాకాలం తర్వాత టీ తాగాడు. ముఖంలో ఎంత నెమ్మది కనిపించిందంటే, ఖాతా సంగతి ఇంకేమీ అడగకుండా మహబూబున్నీసా తన టీలో సగం కూడా అతని గ్లాసులోనే పోసింది.

వారం తిరక్కుండానే కడుపులో నీరు చేరి, మళ్లీ బెంగుళూరు ఆసుపత్రిలో పడ్డాడు. బట్టలకని ఆమె ఒక పూట ఇంటికొచ్చినప్పుడు మల్లికార్జున ఫోన్ చేసి పిలిపించాడు. పాలసీ కటింగు కాగితం వెనక్కొచ్చింది. ఖాతా తెరిచిన రోజు ఆమె మదరసాలో నేర్చుకున్న ఉర్దూలో సంతకం పెట్టింది. ఈ కాగితం మీద తొందరలో, బడిలో నేర్చుకున్న తెలుగులో పెట్టింది. రెండూ ఆమె చేతివే, రెండూ ఆమె పేరే. బ్యాంకుకు మాత్రం ఇద్దరు ఆడవాళ్లయ్యారు.

మళ్లీ ఉర్దూలో పెట్టించుకుని మల్లికార్జున చెప్పాడు. "ఇది సరయ్యేలోపల గడువు దాటిపోతాదక్కా. ఈ తూరికి చేత్తో కట్టేయి. మర్చిపోవద్దు."

ఆమె మర్చిపోలేదు. ఖాతాలోంచి పాలసీ దుడ్లు చేతికి తీసుకుంది కూడా. బస్సుకు టైమైందని, అక్కడే కడదామనుకుంది. కానీ బెంగుళూరులో దిగేసరికి షావలికి నోట రక్తం పడుతోంది. సూది మందు బయట అంగట్లో తెమ్మన్నారు. తెచ్చింది. మర్నాడు ఇంకొకటి తెచ్చింది. కళ్ల ముందు మనిషి పోతుంటే పాలసీ ఎవరికి గుర్తుంటుంది? గుర్తుంది, అదే ఖర్మ. ప్రతి చీటీకీ నోట్లు ఇస్తూ, కాగితం సరయితే వాళ్లే కోసుకుంటారులే అని తనకు తాను చెప్పుకుంది. ఇంటికి పోయాక ఖాతాలో ఎలాగోలా వేద్దామనుకుంది. షావలికి మాత్రం చెప్పలేదు.

నెలన్నరకు మనిషి బతికి ఇంటికొచ్చాడు. వానలు ఇంకా రాలేదు, పెన్నేట్లో ఇసుకే ఎగురుతోంది. నాలుగు రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, కటింగ్ ఏర్పాటు పూర్తయిందని. షావలి దాన్ని నాజ్‌నీన్ చేత రెండుసార్లు చదివించుకుని, సంబరంగా పాలసీ ఏజెంటు తిప్పేష్‌ను ఇంటికి పిలిపించాడు. తిప్పేష్ మెసేజ్ చూశాడు, తన ఫోన్లో ఇంకేదో చూశాడు.

"కంతు కట్టలేదన్నా. పైన ఇచ్చే నెల గడువు గూడా అయిపోయినాది. పాలసీ పడిపోయినాది."

ఆ గదిలో మిషను పక్కన కూర్చున్న మహబూబున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షావలి మాత్రం, పాత ఖాతా ఉండి ఉంటే కటింగ్ అయ్యేది గదా అని ఒక్కటే అడిగాడు. అయ్యేదన్నాడు తిప్పేష్. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీశాడు. పడిపోయిన పాలసీని లేపవచ్చు. కట్టాల్సిన దుడ్లు తాను సర్దుతానన్నాడు. కాకపోతే షావలి తనకు ఏ రోగమూ లేదని, ఏ ఆసుపత్రిలోనూ చేరలేదని రాసి సంతకం పెట్టాలి.

"మూడేండ్లు దాటితే ఎవురూ అడగరన్నా. ఆ లోపల నీకేమన్నా అయితే ఆస్పత్రి చీటీలు తవ్వుతారు. వస్తాదని నేను చెప్పలేను."

మూడేండ్లట. షావలి నవ్వడానికి చూశాడు గానీ దగ్గొచ్చింది. పెన్ను మిషను బల్ల మీద ఉంది, అతనికి అందదు. మహబూబున్నీసా నాజ్‌నీన్ వైపు చూసింది. లేచి పెన్ను తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. జానెడు గుడ్డ ఉంచుకోని మనిషి చేత అబద్ధానికి సంతకం పెట్టిస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చేయి వెనక్కి తీసుకోలేదు.

అతను ఆమె ముఖం చూశాడు. నెమ్మదిగా సంతకం పెట్టాడు. తిప్పేష్ కాగితం మడిచి, నాజ్‌నీన్ వైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు షావలి ఆమెను దగ్గరికి రమ్మన్నాడు.

"వీధిలో అందర్నీ అడిగినా. నిన్నే అడగలేదు. తొందరపడి ఖాతా మూయించి మీ నోట్లో మన్ను కొట్టినా. మాఫ్ చెయ్, మహబూబీ."

"మాఫ్ చేసినా," అంది ఆమె. అలా అడిగినప్పుడు ఎదుటివాళ్లూ తిరిగి అడగడం వాళ్లలో ఆనవాయితీ. అందుకని, "నన్ను గూడా మాఫ్ చెయ్యి," అంది.

"నువ్వేం చేసినావని?"

సూది మందు ఖాళీ సీసాలు ఇంకా అతని మంచం కింద సంచిలోనే ఉన్నాయి. చెబితే ఆ మందుతో బతికిన ఈ నాలుగు రోజులు కూడా అతనికి కర్జు అయిపోతాయి.

"ఏం లేదు," అంది మహబూబున్నీసా. "ఊరికే అడిగినా."