అమ్మ వైపు పోలిక

డ్రైవింగ్ నేర్పే ఆమెకు భయమంటే ఏమిటో తెలియదని ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్లంతా ఒట్టేసి చెబుతారు. ఎవరైనా బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి కారును గోడ మీదికి పోనిచ్చినా, తన కాలి కింది బ్రేకు నొక్కి, "ఫర్వాలేదమ్మా, గోడ ఎక్కడికీ పోదు, రివర్స్ చెయ్యి" అనే మనిషి. అలాంటిది డాక్టరమ్మ గదిముందు కూర్చుని వణికిపోతోంది. కత్తికి కాదు, పక్కనున్న కన్నతల్లికి!

కొన్నాళ్లుగా సీటుబెల్టు పెట్టుకుంటే చాలు, ఎడమ రొమ్ము బిగుసుకుని ఒకటే నొప్పి. స్కాన్ తీయించుకుంది. "ఒక్కదాన్నే వెళ్తాలే" అంటే వినే తల్లా! కూతురికంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

లోపల డాక్టరమ్మ అడిగిన ప్రతిదానికీ తల్లిదే జవాబు.

"ఇంతకు ముందు ఆపరేషన్లేమైనా జరిగాయా?"

"అబ్బే, పన్ను కూడా పీకించుకోలేదండీ. గుండ్రాయిలా పెరిగింది. ఇక ఇవంటారా, మా వైపు పోలిక. వాళ్ల నాన్న వైపు ఆడవాళ్లు ఇస్త్రీ బల్లలు. ఇదీ అలాగే మిగిలిపోతుందని ఎంత బెంగపెట్టుకున్నానో! ఉద్యోగానికని వేరే ఊరు వెళ్లొచ్చేసరికి, ఆలస్యమైతేనేం, మా వంశం బయటపడింది."

ఈ ముక్క వినని చుట్టం లేడు. డాక్టరమ్మ స్కాన్ వంకా కూతురి వంకా చూసి ఊరుకుంది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? చెప్పాల్సింది కూతురే.

"అమ్మా," అంది నేలచూపులు చూస్తూ. "అవి మీ వంశానివి కావు. సిలికాన్‌వి. నేనే పెట్టించుకున్నాను."

తల్లి నోరు తెరిచింది. తెరిచిన ఆ నోట్లోంచి మాట రాకపోవడం కూతురు పుట్టాక ఇదే మొదలు.

దొరికిందే సందని డాక్టరమ్మ గబగబా చెప్పేసింది. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. ఎడమవైపుది లోపలే చిట్లింది, దాని చుట్టూ పొర గట్టిపడింది. పాతవి తీసి కొత్తవి పెట్టొచ్చు, కాకపోతే అవీ గట్టిపడొచ్చు, చిట్లొచ్చు, మళ్లీ ఆపరేషన్ దాకా రావచ్చు. కొత్తవి పెట్టకుండా తీసేయనూవచ్చు. అప్పుడు చర్మం వదులవుతుంది, ఆకారం మునుపటిలా ఉండదు. ఏది చేసినా మచ్చలుంటాయి. మత్తుమందుతో ఇబ్బంది, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, స్పర్శ తగ్గడం, ఈ ముప్పులు కొద్దో గొప్పో ఉండనే ఉంటాయి.

"అంటే," అంది తల్లి హీనస్వరంతో, "మా పోలిక చిట్లిపోయిందా?"

"తీయించేస్తాను. కొత్తవి వద్దు," అంది కూతురు డాక్టరమ్మతో.

ఇద్దరూ కారెక్కారు. తల్లి అడిగింది. "ఎందుకు చేయించుకున్నావే?"

"ఇస్త్రీ బల్ల, ఇస్త్రీ బల్ల అని వచ్చినవాళ్లందరి ముందూ అన్నదెవరమ్మా? నీ నోటికి జడిసే చేయించుకున్నాను. తీయిస్తే మళ్లీ మొదలెడతావని ఇన్నాళ్లూ నొప్పి ఓర్చుకున్నాను."

"నా నోరు పడిపోనూ!" అంది తల్లి. కళ్లు తుడుచుకుంది. చేతిసంచీలోంచి తువ్వాలు తీసి, మడతపెట్టి, ఒత్తుకోకుండా కూతురి బెల్టు కింద దోపింది. అంతలో ఫోను మోగింది. పిన్ని! తల్లి ఎప్పట్లాగే స్పీకర్లో పెట్టింది.

"డాక్టరేమందే అక్కా?"

కూతురు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుంది. పిన్ని చెవిన పడితే సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరిపోతుంది.

"ఏముందే, చిన్న ఆపరేషన్ చేస్తారట. ఆ తర్వాత దాని ఛాతీ కాస్త తగ్గుతుంది. నలభై దాటితే మనవైపు ఆడవాళ్లకి తగ్గడం మామూలేగా!"

"మనకా? నాకేం తగ్గలేదే!"

"తగ్గలేదూ?" తల్లి ఎక్కడలేని కంగారూ గొంతులోకి తెచ్చుకుంది. "అయ్యో, అయితే నీకేదో తేడాగా ఉందే. ఎందుకైనా మంచిది, రేపే వెళ్లి చూపించుకో!"