మరక పడని రంగు

నీలం మాత్రం కాదు, నీలం మీద పసుపు దుమ్ము పడితే పాచి పట్టినట్టు ఉంటుంది, నలుపు మీద ఒక్కో రేణువూ విడిగా కనిపిస్తుంది, ముదురు పసుపు చీరలో ఏ మరకా తెలియదు గానీ అది కట్టుకుంటే పేరంటానికి వచ్చినదానిలా ఉంటాను, కాబట్టి మిగిలింది మీగడ రంగు చీరే అని తేలేసరికి బీరువా ముందు పావుగంట గడిచింది. వంటింట్లో కుక్కర్ మూడో కూత వేసింది. నిజామాబాద్ మార్కెట్ యార్డు పక్కన ఒక మసాలా కంపెనీ గోదాములో, రైతులు తెచ్చిన పసుపు కొమ్ములను విరిచి చూసి ఏది ఏ రకమో చెప్పడం నా పని. ఆరేళ్లుగా అదే చేస్తున్నాను. ఆ నాణ్యత విభాగానికి ఇన్‌చార్జిని ఈరోజు ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేస్తారు. ఆ కుర్చీ నాకు కావాలి. ఇంతగా దేన్నీ కోరుకున్నట్టు గుర్తులేదు. అయినా లేచిన దగ్గర్నుంచి పసుపు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వారం రోజులుగా చీర గురించే ఆలోచిస్తున్నాను.

చీర కూడా కాదేమో. ఎవరి కళ్లు అరువు తెచ్చుకుని అద్దంలో నన్ను చూసుకోవాలన్నదే ఆలోచన. ఏర్గట్ల వైపు రైతులు వచ్చే రోజున వాళ్ల కళ్లతో చూసుకుంటాను. మోచేతుల దాకా జాకెట్టు, నూలు చీర, అప్పుడే నేను చెప్పిన రకం నమ్ముతారు. మరాఠీ వ్యాపారులు వచ్చే రోజున చుడీదార్ మీద కోటు, లేకపోతే చాయ్ తెమ్మంటారు. మేనేజర్ భానుప్రసాద్ కోసం ఇంకో లెక్క. మరీ సాదాగా వెళ్తే "ఆరోగ్యం బాలేదా సుష్మా?" అంటాడు, కాస్త తయారైతే "ఇయ్యాల ఏంది విశేషం?" అంటాడు. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఒక సన్నటి గీత ఉంటుంది. ఆరేళ్లుగా దాని మీదే నడుస్తున్నాను. ఎంత ఒడుపుగా నడుస్తున్నానో తలుచుకుంటే నా మీద నాకే వెగటు. ఎవరూ నేర్పకుండానే ఈ విద్య నాకు ఎలా పట్టుబడింది?

నిరుడు ఒకరోజు ఢిల్లీ నుంచి ఎవరో కొనుగోలుదారులు వచ్చారు. అప్పటిదాకా కుప్పల మధ్య తిరిగి తిరిగి మోచేతుల దాకా పసుపుతో వాళ్ల ముందుకు వెళ్లాను. వాళ్లు అటు పోగానే భానుప్రసాద్ నవ్వుతూ అన్నాడు, "గిదేంది సుష్మా, వంటింట్లకెళ్లి సీదా వచ్చినట్టున్నవ్?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా దవడలో ఎక్కడో ఇరుక్కుని ఉంది.

"ఇంటర్వ్యూకు పోతున్నవా, పెండ్లికి పోతున్నవా?" గడప దగ్గర భూమేష్ అడిగాడు. మా ఆయనకు మేముండే బోధన్‌లోనే మోటారు పంపుల దుకాణం. అతని చొక్కా నేను ఇస్త్రీ చేసిందే. సాయంత్రానికి అది గ్రీజుతో తిరిగి వస్తుంది, అత్తమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుని "నా కొడుకు రెక్కలు ముక్కలు చేసుకుంటుండు" అని బాధపడుతుంది. నా బట్టలకు మాత్రం వేరే బకెట్. "నీ పసుపు నా కొడుకు బట్టలకు అంటుతది, పక్కకు నానెయ్యి" అని పెళ్లైన మొదటి నెలలోనే చెప్పింది. శుక్రవారం పొద్దున్నే గడపకు ఆమె రాసే పసుపూ ఇదే పసుపు. గడప మీద శుభం, నా చీర మీద మురికి.

బస్సులో కిటికీ పక్కన సీటున్నా కూర్చోలేదు, గంజి పెట్టిన కుచ్చిళ్లు నలుగుతాయని. ఒక ముసలాయన జాలిపడి "కూసో బిడ్డా, జాగా ఉంది గద" అన్నాడు. కూర్చుంటే చీర పాడవుతుందని ఆయనకు చెప్పలేకపోయాను. చెబితే నాకే వినిపిస్తుంది కదా.

గోదాము వాకిట్లో నితీష్ ఎదురయ్యాడు. ఈ పోస్టుకు రెండో అభ్యర్థి అతనే. నాకన్నా నాలుగేళ్లు వెనక చేరాడు, కొమ్ము విరవడం నేనే నేర్పాను. ఉతికిన తెల్ల చొక్కాలో మెరిసిపోతున్నాడు. నేను చూస్తుండగానే వంగి, నేల మీది పసుపు పొడి గుప్పెడు తీసి చేతుల మీద, ఛాతీ మీద అలా రుద్దుకున్నాడు.

"ఏందిరా అది?"

"పని జేసినట్టు కనవడాలె గదక్కా" అని కన్ను గీటాడు. "నువ్వు మాత్రం సూపర్ ఉన్నవ్."

నవ్వొచ్చింది. ఇద్దరం ఒకే పరీక్షకు వేషం వేసుకుని వచ్చాం. మరక లేకుండా రావడానికి నాకు వారం పట్టింది, మరకతో రావడానికి అతనికి నిమిషం కూడా పట్టలేదు.

పైన ఆఫీసులో భానుప్రసాద్ నన్ను ఎగాదిగా చూసి తృప్తిగా తలూపాడు. "గిట్ల రావాలె రోజూ. ఆగు, పెద్దసారు వస్తున్నడు. గీ బొకే నువ్వే ఇయ్యి, ఆడవాళ్లు ఇస్తే మంచిగుంటది." హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దసారుకు బొకే ఇచ్చాను. ఇంటర్వ్యూకు వచ్చినదాన్ని, ఇంటర్వ్యూ చేసే మనిషికి నవ్వుతూ పూలిచ్చాను.

నితీష్‌ను తేమ శాతం గురించి, ఉడకబెట్టడంలో పొరపాట్ల గురించి అడిగారు. తలుపు సందులోంచి అంతా వినిపించింది. "పనిచేసే మనిషివని చూస్తేనే తెలుస్తోందయ్యా" అన్నాడు పెద్దసారు.

నన్ను అడిగినవి వేరు. బోధన్ నుంచి రోజూ ఎలా వస్తారు? సీజన్‌లో ఆలస్యమైతే ఇంట్లో ఏమనుకుంటారు? పిల్లల సంగతి ఏమైనా అనుకున్నారా? జవాబులు చెబుతూ ఉన్నాను, టేబుల్ మీద నమూనా పళ్లెంలో ఉన్న కొమ్ముల వైపు ఆయన ఎప్పుడు చెయ్యి చాపుతాడా అని చూస్తూ ఉన్నాను. చాపలేదు. చివరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మీరు నీట్‌గా ఉన్నారు, మాట తీరు బాగుంది. కొత్త ఆఫీసులో విజిటర్స్‌ను చూసుకోవడానికి మీలాంటి వాళ్లే కావాలి" అన్నాడు.

"మురికిల పని తప్పింది, ఇగ ఏసీల కూసుంటవ్" అన్నాడు భానుప్రసాద్, తనే ఆ పదవి తయారుచేసి ఇచ్చినట్టు.

"మరి నాణ్యత విభాగం?"

"గది నితీష్ చూస్కుంటడు. ఆలోచించుకోని సాయంత్రం వరకు చెప్పు." పెద్దసారు అప్పటికే ఫోన్ చూసుకుంటున్నాడు.

మెట్లు దిగుతుంటే వాళ్ల మీద కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. రోత మాత్రమే వచ్చింది, అదీ వాళ్ల మీద కన్నా నా మీద ఎక్కువ. వాళ్లు నన్ను తప్పుగా చూడలేదు. ఎలా చూడాలో వారం రోజులు కష్టపడి నేనే తయారుచేసి ఇచ్చాను, వాళ్లు దాన్ని నమ్మారు.

కింద షెడ్డులో ఒక ముసలామె కుప్ప పక్కన నిలబడి గొడవ పడుతోంది. ఏర్గట్ల సాయవ్వ, ఏటా మాకే పసుపు తెస్తుంది. "ఇరిసి సూడకుండనే మూడో రకమంటడా గా పిలగాడు? మెరుగు పట్టిస్తలేనని పనికిరాదా? మెరుగు డ్రమ్ముల దిప్పి రంగు జల్లినోళ్లదే మంచి పసుపా?" ఆమె కుప్ప మట్టిరంగులో, బరుకుగా ఉంది. పైకి నచ్చేలా ఏమీ లేదు. దాని మీద నితీష్ రాసిన చీటీ ఉంది.

నన్ను చూసి సాయవ్వ ఆగింది. "ఏం బిడ్డా, సూపులకు వచ్చిండ్రా ఇయ్యాల?"

"వచ్చిండ్రవ్వా. నచ్చిన" అన్నాను.

ఆమెకు ఏం అర్థమైందో, ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అయితే అట్లున్నదేంది నీ మొకం?" అంది.

కుప్ప ముందు కూర్చుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగున ఉన్న కొమ్ము ఒకటి బయటికి తీశాను. విరిస్తే టక్కుమంది. తడి లేదు. లోపల కాషాయం కలిసిన గట్టి పసుపు, అంచు నుంచి నడిమి దాకా ఒకే తీరుగా ఉంది. ఇంకో మూడు తీశాను. నాలుగూ అంతే. ఆరేళ్లలో ఇలాంటి సరుకు వేళ్ల మీద లెక్కపెట్టేంత చూశాను.

"ఏ రకం బిడ్డా?"

"మొదటి రకమవ్వా."

ఇక్కడ రకం తేల్చేది నేను, చీటీ మీద సంతకం పెట్టేది భానుప్రసాద్. ఇన్నాళ్లలో నా చేతిరాతతో వెళ్లిన వేల చీటీల్లో ఒక్కదాని మీద కూడా నా పేరు లేదు. నియమం అది అన్నారు, నేను అడగలేదు. మెట్ల మీద నుంచి నితీష్ "అక్కా, గది అయిపోయింది, సారు ఓకే చేసిండు" అని అరుస్తున్నాడు. పైన కిటికీలో భానుప్రసాద్ తల కనిపిస్తోంది. ఇది చేస్తే ఏసీ గది కూడా ఉండకపోవచ్చు. బోధన్ బస్సు ఎక్కే పనే ఉండకపోవచ్చు.

కుప్ప మీది చీటీ తీసి చింపేశాను. పుస్తకంలోంచి కొత్తది తీసి సాయవ్వ పేరు, ఊరు, తేమ, రకం రాశాను. కింద అధికారి అన్న చోట, ఎవరైనా చదవగలిగేలా ఒక్కో అక్షరం విడదీసి, నా పేరు రాశాను.